పాత బడి గోడలను చదువుదాము

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 19:8–10



ఎఫెసు పట్టణములో పౌలు మూడు నెలలు సమాజమందిరములో బోధించాడు. అక్కడ కొందరు ఎదురు తిరిగినప్పుడు శిష్యులను వెంటబెట్టుకొని తురన్ను అనే వాని పాఠశాలకు మారాడు. అక్కడ రెండేండ్లు ప్రతిదినము బోధ జరిగింది. మనము ఈ వచనాలను చదివి, ఎఫెసులో తరువాత జరిగిన అల్లరి మీదికి త్వరగా దాటిపోతాము. కాని ఒక్క క్షణము ఆగి చూడండి. ఆసియ ప్రాంతమంతటికి వాక్యము వెళ్లినది ఒక బడి గదిలోనుండి. కొన్ని ప్రాచీన ప్రతులలో ఒక చిన్న వివరము కూడ ఉన్నది: పౌలు అక్కడ బోధించినది ఐదవ గంట మొదలు పదవ గంట వరకు. మన లెక్కలో పగలు పదకొండు నుండి సాయంత్రము నాలుగు వరకు. ఎండవేళ పట్టణము పనులు మాని విశ్రమించే సమయము. పంతులుగారి పాఠాలు ముగిసి గది ఖాళీ అయ్యే సమయము కూడ అదే. అంటే పౌలు మొదట బల్లలు జరిపించలేదు, గోడలు పగులగొట్టించలేదు. ఉన్న గదిని, దొరికిన గంటలలో వాడుకొన్నాడు.

ఈ పాఠము ఇప్పుడు ఎందుకు వ్రాస్తున్నామో చెప్పాలి. అవినాశిలో మేము కూడుకొనే హాలు ఒకప్పటి బడి. విక్టోరియా రాణి కాలపు ధోరణిలో కట్టినది. బడి వేరొక చోటికి మారిన తరువాత ఆ గది ప్రార్థనకు, పెండ్లి విందులకు, ఆదివారపు బడికి వచ్చింది. తిరుప్పూరు బనియను కంపెనీలలో పని చేయ వచ్చిన మనవారు, తరతరాలుగా ఈ కోయంబత్తూరు సీమలో స్థిరపడిన తెలుగువారు, ఇద్దరూ అందులో కూర్చుంటారు. ఈ ఏడు దానిని బాగుచేయాలని యువకులు ముందుకు వచ్చారు. వారి ఆసక్తికి స్తోత్రము. కప్పు క్రింద ఫాల్స్ సీలింగు, ఎత్తు కిటికీలు మూసి ఏసీ, గోడలకు సిమెంటు ప్లాస్టరింగు, ఒక చివర ఎత్తైన స్టేజి, నేలకు బిగించిన బెంచీలు: ఇది వారి అంచనా. విలాయతులోను ఇతర దేశాలలోను పాత బడి హాళ్లలో కూడుకొనే మన పాఠకులకు కూడ ఇటువంటి అంచనాలే ఎదురవుతాయి. తాపీమేస్త్రీని పిలిచేముందు, ఆ కట్టడము ఎవరి ఆలోచనతో, ఏ పనికోసము అలా నిలబడిందో కలిసి చదువుదాము.

ఆశ్చర్యమేమిటంటే విలాయతు బడి గది చరిత్రలో ఒక ముఖ్యమైన పేజీ మన మద్రాసులోనే వ్రాయబడింది. మేము టీచర్ ట్రైనింగు చదివిన రోజులలో ఆండ్రూ బెల్ అనే పేరును పరీక్షకోసము కంఠస్తము చేశాము. దాని విలువ అప్పుడు తెలియలేదు. ఈయన స్కాట్లండు దేశస్థుడు. 1787లో మద్రాసు వచ్చి, 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడైనాడు. ఒక దినము వీధి బడి పిల్లలు నేల మీద ఇసుక పరచి వ్రేలితో అక్షరాలు దిద్దడము చూశాడు. కాగితము లేదు, కలము లేదు, ఖర్చు లేదు. ఆశ్రమానికి వచ్చి తన ఉపాధ్యాయులకు చెబితే వారికి అది నచ్చలేదు. అప్పుడు ఎనిమిదేండ్ల బాలునికి ఆ పని అప్పగించాడు. ఆ పిల్లవాడు చిన్నపిల్లలకు ఇసుకలో అక్షరాలు నేర్పించాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే ఆ పద్ధతిని గూర్చి బెల్ 1797లో లండనులో ఒక చిన్న పుస్తకము అచ్చువేయించాడు. దానికి విలాయతులో మద్రాసు పద్ధతి అనే పేరు నిలిచింది.

బెల్ చూసినది అరుగు బడి. ఇక్కడివారు తిన్నె బడి అంటారు. అవినాశి పాత వీధులలో ఇంటి ముందు అరుగులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నవి, ఎవరైనా వెళ్లి చూడవచ్చు. గోడ ఒక ప్రక్కనే, మిగిలిన మూడు ప్రక్కలు గాలి, పైన చూరు. అంతే కట్టడము. 1826లో మన్రో దొర లెక్క ప్రకారము మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది చదువుకొనేవారు ఉన్నారు. బళ్లారి జిల్లా కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన లెక్కలో 533 బడులుంటే అందులో 226 తెలుగు బడులు. పెద్దవాడు చిన్నవానికి చెప్పే మన పద్ధతిని ఇంగ్లండు అనుకరించిందని ఆయనే ఒప్పుకొన్నాడు.

బెల్ ఇంగ్లండులో తన పద్ధతికి తగిన గది కోరాడు. వ్రాసే బల్లలు గోడ వెంబడి. నడిమి నేలంతా ఖాళీ. ఆ ఖాళీలో పిల్లలు గుంపులు గుంపులుగా చతురస్రాకారముగా నిలబడి తమ తమ చట్టాంపిళ్లకు పాఠము అప్పచెప్పేవారు. (చట్టాంపిళ్ల అనే మాట తెలుగుదేశము నుండి క్రొత్తగా వచ్చినవారికి తెలియకపోవచ్చు, తరగతికి పెద్దపిల్లవాడు.) అదే కాలములో జోసెఫ్ లాంకాస్టరు అనే క్వేకరు లండను బరో రోడ్డులో వేరొక తీరు పెట్టాడు: బల్లలు హాలు నడుమ వరుసలుగా, నడవడానికి గోడల వెంబడి దారి, ఆ దారిలో అర్ధచంద్రాకారముగా నిలిచి చదివే పిల్లలు. ఆంగ్లికను సంఘమువారు 1811లో నేషనల్ సొసైటీ పెట్టి బెల్ పద్ధతిని తీసికొన్నారు. బాప్తిస్టులు మొదలైన స్వతంత్ర సంఘాలవారు ఎక్కువగా లాంకాస్టరు ప్రక్క నిలిచారు. పద్ధతులు రెండైనా గది ఒక్కటే: పొడవాటి, ఎత్తైన, అడ్డుగోడలు లేని పెద్ద గది. వందలమంది పిల్లలు, ఒక్క పంతులు. విక్టోరియా కాలపు బడి హాలు అంత పెద్దగా ఉండడానికి మొదటి కారణము ఇదే. వైభవము కోసము కట్టినది కాదు. జీతము ఒక్కరికే ఇవ్వగలిగినందువలన కట్టినది.

ఇక్కడ మనము దాచకుండ చెప్పుకోవలసిన మాట ఒకటి ఉన్నది. అరుగు బడిని పొగిడేటప్పుడు, ఆ అరుగు ఎవరి ఇంటిది అని అడగాలి. మన సంఘాలలో ఎక్కువమంది పూర్వికులు ఆ అరుగు ఎక్కలేనివారు. వీధిలోనికే రానీయని చోట్లు ఉన్నవి. ఇసుకలో అక్షరము దిద్దే విద్య మద్రాసునుండి సముద్రము దాటి వెళ్లి, నాలుగు గోడల గదిగా తిరిగివచ్చింది; తిరిగివచ్చిన తరువాతనే మన తాతముత్తాతలలో చాలమందికి దాని గడప దొరికింది. అదీ పోరాటము లేకుండ దొరకలేదు. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొరగారు మొదట పై కులాల పిల్లలకు బడి పెట్టారు. ఎర్రగుంట్ల పేరయ్యగారు మొదలైన మాదిగ విశ్వాసులు వచ్చి చేరేసరికి, వారిని చేర్చుకొంటే మేము ఉండమన్నారు పట్టణపు పెద్దలు. బడికి పిల్లలు, గౌరవము ఒక ప్రక్క. పేదలు ఒక ప్రక్క. క్లౌ దంపతులు 1 కొరింథీయులకు మొదటి అధ్యాయము 26 నుండి 29 వచనాలు చదివి పేదల ప్రక్క నిలిచారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిన తరువాత, పల్లెలలో ఒకే కప్పు వారమంతా బడిగాను, ఆదివారము మందిరముగాను పనిచేసింది. తెలుగు బాప్తిస్టుకు బడిలో ఆరాధించడము క్రొత్త కాదు, లోటు కాదు.

ఇక బయటి రూపము. మన యువకులు హాలు ముందు కోసుగా లేచే ఆర్చి, శిఖరము కట్టి మందిరములా కనిపించేటట్లు చేయాలంటున్నారు. దీనికి జవాబు విలాయతు చరిత్రలో ఉన్నది. అక్కడ ఆంగ్లికను సంఘపు బడులు చాలవరకు గోతిక్ తీరులో, కోసు కిటికీలతో, చిన్న చర్చిల వలె ఉండేవి. 1870లో ఫార్‌స్టరు విద్యా చట్టము వచ్చి, ప్రజలు ఎన్నుకొన్న స్కూలు బోర్డులు ఏర్పడ్డాయి. ఆ బోర్డు బడులలో ఏ ఒక్క శాఖకు చెందిన ప్రశ్నోత్తరావళిని బోధించరాదని చట్టములోనే ఉన్నది. లండను బోర్డు 1871లో ఇ. ఆర్. రాబ్సన్‌ను శిల్పిగా నియమించింది. ఆయన 1874లో బడి కట్టడాలను గూర్చి పెద్ద గ్రంథము వ్రాశాడు. బోర్డు బడి చర్చిలా కనబడకూడదని ఆయన అభిప్రాయము. అందుకే గోతిక్ వదలి, పసుపు ఇటుకకు ఎర్ర ఇటుక అంచులు, తెల్ల చట్రాల పొడవాటి కిటికీలు, వంపు తిరిగిన ముఖగోడలు గల క్వీన్ ఆన్ తీరును ఎంచుకొన్నాడు. లండనులో స్థలము తక్కువ గనుక మూడంతస్తులు లేచాయి: క్రింద శిశువులు, నడుమ ఆడపిల్లలు, పైన మగపిల్లలు. గుమ్మాలు వేరువేరు, ఒక్కొక్క గుమ్మముపై రాతిలో బాయ్స్, గర్ల్స్, ఇన్‌ఫంట్స్ అని చెక్కి ఉంటుంది. విలాయతులోని మన పాఠకులు తమ హాలు గుమ్మముపై ఈ మాట ఉన్నదేమో చూడాలి. ఉంటే రంగు పూయవద్దు.

ప్రజల పన్నుతో ఒక శాఖ బోధ జరగకూడదనేది బాప్తిస్టులు గట్టిగా పట్టుకొన్న సూత్రము. 1902 విద్యా చట్టము సంఘపు బడులకు స్థానిక పన్ను సొమ్ము ఇచ్చినప్పుడు, లండను బాప్తిస్టు కాపరి జాన్ క్లిఫర్డు నాయకత్వములో వేలమంది ఆ పన్ను కట్టమన్నారు; సామాన్లు జప్తు అయినవి, కొందరు జైలుకు వెళ్లారు. కనుక చర్చిలా కనిపించని బడి గోడ మనకు సిగ్గు కాదు. దానికి సిమెంటు కోసు ఆర్చి తగిలించడము మా దృష్టిలో వేషము వేయడమే.

కిటికీల మాటకు వద్దాము. మా హాలులో కిటికీ అడుగు భాగము పెద్దవాని తలకు తగులుతుంది. గది జైలులా ఉన్నదని ఒక తల్లి అన్నది. పిల్లలు వీధిలోనికి చూడకుండ ఉండడానికి అలా పెట్టారన్నది నిజమే, కాని సగము నిజము. పైనుండి దిగే వెలుగు గది అవతలి గోడ వరకు వెళుతుంది; క్రింది కిటికీ వెలుగు దగ్గరి బల్లకే సరి. వేడిగాలి పైకి పోతుంది గనుక, పై వెంటిలేటర్లు తెరిచి ఉంటే అది వెళ్లిపోతుంది, తలుపులగుండా చల్లగాలి వస్తుంది. కరెంటు లేని రోజుల ఏసీ అది. మన సీమకు ఇంకొక వరము ఉన్నది: పాలఘాటు కనుమలోనుండి జూన్ మొదలు ఆగస్టు వరకు పడమటి గాలి వీస్తుంది. పడమటి కిటికీలు ఇటుకతో మూస్తే ఆ గాలికి తలుపు వేసినట్లే.

వెలుగు ఎటునుండి వస్తున్నదో కూడ చూడండి. కుడిచేతితో వ్రాసే పిల్లవానికి వెలుగు ఎడమ ప్రక్కనుండి రావాలని రాబ్సన్ కాలపువారు పట్టుబట్టారు. కుడినుండి వస్తే చేతి నీడ అక్షరము మీద పడుతుంది. కాబట్టి పెద్ద కిటికీల వరుసను మీ ఎడమకు ఉంచుకొని నిలబడితే, మీ ఎదుట ఉన్న పొట్టి గోడయే పంతులుగారి గోడ. నల్లబల్ల మేకుల గుర్తులు అక్కడ ఉండవచ్చు. ప్రసంగ వేదికకు తగిన చోటు అదే. కొన్ని హాళ్లలో కిటికీల వరుస ముందే వేదిక పెడతారు. అప్పుడు కూర్చున్నవారికి బోధకుని ముఖము కనబడదు, నల్లని ఆకారము మాత్రమే కనబడుతుంది. ముసలివారి కండ్లకు ఆ మిరుమిట్లు బాధ. డబ్బు ఖర్చు లేకుండ ఒక్క ఆదివారములో సరిచేయదగిన సంగతి ఇది.

కప్పు విషయములో మాత్రము మేము కొంచెము గట్టిగానే చెబుతాము. తల పైకెత్తితే మంగళూరు పెంకుల క్రింద త్రికోణపు కొయ్య చట్రాలు కనబడతాయి. వడ్రంగులు ట్రస్సు అంటారు. మంగళూరులో బాసెల్ మిషనువారు 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టినది మొదలు ఈ పెంకులు దక్షిణ దేశమంతా పరచుకొన్నవి. త్రికోణము నడుమ నిలువుగా ఒక కొయ్య ఉంటుంది. అది పైకప్పును మోస్తున్నదని అందరూ అనుకొంటారు. మోయడము లేదు. అది శిఖరమునుండి వ్రేలాడుతూ, క్రింది అడ్డదూలము నడుమ క్రుంగకుండ పట్టుకొన్నది. ఆ అడ్డదూలము కూడ గోడలు రెండు ప్రక్కలకు త్రోసుకొని పోకుండ లాగిపట్టే కొయ్య. లాగే పని కొరకు లెక్కకట్టి పెట్టిన ఆ దూలానికి ఇప్పుడు ఫాల్స్ సీలింగు, ఫ్యాన్లు, లైట్ల చట్రము, ఏసీ గొట్టాలు అన్నీ వ్రేలాడదీస్తామంటున్నారు. దానికన్న ప్రమాదము కనబడకపోవడము. పెంకు పగిలితే ఇప్పుడు ఆదివారమే తెలుస్తుంది, నీటి చుక్క ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. సీలింగు పెడితే నీరు పైనే నిలిచి, దూలము చివర గోడలో దిగిన చోట కొయ్య కుళ్లుతుంది, చెదలు పడుతుంది. క్రింద అంతా తెల్లగా అందముగా ఉంటుంది. పిల్లలు కూర్చునేది దాని క్రిందనే.

గోడలకు వాడినది గానుగ సున్నము. నేలలోని చెమ్మ గోడలోనికి కొంత ఎక్కడము పాత కట్టడాలకు సహజము. సున్నపు పూత ఆ చెమ్మను ఆవిరిగా బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకొని ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు పొంగి ఇటుక పొడి రాలుతుంది. రెండు మూడేండ్లలో పూత బుడగలెత్తి ఊడినప్పుడు, పాత గోడది తప్పు అంటారు. సున్నము పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, నిజమే. చెట్టినాడు ఇండ్ల మరమ్మతు చేసేవారిలో ఇంకా ఉన్నారు. కూలి ఎక్కువ. అయినా ఒకే గోడను రెండుసార్లు పూయడముకన్న తక్కువే.

ధ్వనిని గూర్చి. మాట మారుమ్రోగి అర్థము కావడము లేదు, అందుకే సీలింగు అని యువకుల వాదన. బాధ నిజమైనదే. ఎత్తు గది, గట్టి గోడలు, మెత్తనిది ఏదీ లేదు. ఒక అక్షరము చావకముందే రెండవది వచ్చి పడుతుంది. 1895లో అమెరికాలో హార్వర్డు ఉపన్యాసశాల ఒకటి ఇలాగే పనికిరాకుండ పోతే వాలెస్ సాబిన్ అనే అధ్యాపకుడు రాత్రులు కూర్చుని, కుర్చీల మెత్తలు తెచ్చి పరచి, ఎన్ని మెత్తలకు ఎంత మ్రోత తగ్గుతుందో కొలిచాడు. గది ఘనపరిమాణము పెరిగితే మ్రోత పెరుగుతుంది, మెత్తని వస్తువులు పెరిగితే తగ్గుతుంది అన్న సూత్రము అక్కడ పుట్టింది. మెత్తని వస్తువులకు మనము హార్వర్డు వెళ్లనవసరము లేదు. భవానీ జంపఖానాలు మన ప్రక్క ఊరివే. వెనుక గోడకు నాలుగు మందపాటి జంపఖానాలు, గోడకు జానెడు ఎడమ ఉంచి వ్రేలాడదీసి, నేలమీద మరికొన్ని పరచి చూడండి. పెద్ద స్పీకర్లు రెండు దించి చిన్నవి నాలుగు మనుష్యుల దగ్గర పెట్టండి. బోధకులు కూడ కొంచెము నిదానించి మాట్లాడాలి, అందులో మేమూ ఉన్నాము.

బిగించిన బెంచీలు, ఎత్తు స్టేజి మిగిలినవి. విలాయతు పాత నిబంధనలో పిల్లవాని ఒక్కనికి 8 చదరపు అడుగుల నేల, 80 ఘనపుటడుగుల గాలి ఉండాలన్నారు. అరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు హాలు ఉంటే 1,200 చదరపు అడుగులు, అంటే 150 మంది పిల్లలు. చాపలమీద కూర్చుంటే మనవారు దాదాపు అంతేమంది పడతారు. బెంచీలు, నడిచే దారి, స్టేజి తీసివేయగా ఎందరు మిగులుతారో మీరే గీసి చూడండి. పండుగ ఆదివారము బయట నిలబడేది ఎవరు? ఆలస్యముగా షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు.

దీనికంటె పెద్ద సంగతి శనివారము సాయంత్రము. ఇక్కడ మన పిల్లలు ఇంట తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళము చదువుతారు. తెలుగు బైబిలు తెరిస్తే అక్షరము తెలియదు. శనివారము ఆ హాలులో నేలమీద గుంపులుగా కూర్చుని, వచ్చినవాడు రానివానికి అ ఆలు దిద్దిస్తున్నాడు. బెల్ కోరినట్లే నడిమి నేల ఖాళీగా ఉన్నందున అది సాగుతున్నది. బెంచీలు బిగించిన నాడు ఆ గుంపులకు చోటు ఉండదు. 1903లో తెలుగు బాప్తిస్టుల హోమ్ మిషను పంపగా జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నటాల్ చేరి, కియర్స్నీ తేయాకు తోటలోని తెలుగు కూలీల మధ్య సంఘము స్థాపించారు. ఆయన సంఘముతో పాటు పిల్లల బడులను కూడ చూసుకొన్నారు. అన్యదేశములో భాష నిలవడానికి అక్షరము నేర్పే చోటు అవసరమని ఆ తరమువారికి తెలుసు.

యువకుల అంచనాలో మేము సంతోషముగా ఒప్పుకొనేవి ఉన్నవి. పాత వైరింగు మార్చవలసినదే, కొయ్య కప్పు క్రింద అది నిప్పుతో ఆట. మరుగుదొడ్లు కట్టవలసినదే. గుమ్మము మెట్ల ప్రక్క చక్రాల కుర్చీకి వాలుబాట కావాలి. స్టేజికి బదులు ఒక అడుగు ఎత్తు కొయ్య వేదికను రెండు ముక్కలుగా చేయిస్తే, ఆదివారము కలిపి, శనివారము గోడవారకు జరుపుకోవచ్చు. అక్టోబరులో ఈశాన్యపు వానలు మొదలవుతాయి గనుక పెంకుల పని సెప్టెంబరులోపల ముగియాలి. ముందుగా వడ్రంగిని నిచ్చెన ఎక్కించి, ప్రతి దూలము చివర గోడలో దిగిన చోట ఉలితో గుచ్చి చూడమనాలి. మెత్తగా దిగితే ఆ చోటుకు సుద్దతో గుర్తు పెట్టమనాలి. గుర్తులు ఎన్ని ఉన్నవో లెక్క వచ్చిన తరువాత కమిటీ కూర్చుంటుంది.